రూపాయికి ఎన్ని?

హనుమాన్ జంక్షన్‌లో జాతీయ రహదారి దిగి నూజివీడు దారి పడితే, మే నెలలో రోడ్డు పొడవునా కాయలే. తాటాకు పందిరి కింద వరిగడ్డి పరిచి చిన్న రసాలు ఒక రాశి, పెద్ద రసాలు ఒక రాశి, బంగినపల్లి వేరుగా పోసి ఉంచుతారు. కారు ఆపి దిగేవాళ్లలో నగరం మనుషులు ‘కిలో ఎంత?’ అంటారు. ఈ చుట్టుపక్కల పుట్టి పెరిగి, కాస్త వయసు మళ్లినవాళ్లు ‘వందకు ఎన్నమ్మా?’ అంటారు. బేరం కుదిరాక ‘కొసరు వెయ్యి’ అని ఇంకో కాయ సంచిలో వేయించుకుని కదులుతారు.

ఒకదాన్ని తిరగేస్తే రెండోది వస్తుంది కాబట్టి రెండు ప్రశ్నలూ ఒకటే అనుకుంటాం. కానీ ‘కిలో ఎంత’ అన్నప్పుడు మన చూపు కాయ మీద ఉంటుంది. ‘వందకు ఎన్ని’ అన్నప్పుడు చేతిలో ఉన్న వంద మీద ఉంటుంది. ఈ వంద ఇవాళ నాకేం తెచ్చిపెడుతుంది? నిరుడు ఏం తెచ్చిపెట్టింది? అర్థశాస్త్రం కొనుగోలు శక్తి అని పేరు పెట్టి పాఠాలు చెప్పేదంతా ఈ ప్రశ్నలో ఉంది.

ఒకప్పుడు ప్రభుత్వం కూడా ఇలాగే లెక్కపెట్టేది. బ్రిటిషు కాలం నాటి ధరల పట్టికలు తిరగేస్తే బియ్యం సేరు ఇన్ని అణాలు అని కనిపించదు, రూపాయికి ఇన్ని సేర్లు అని కనిపిస్తుంది. ఆ అంకె పెరిగితే జనానికి మంచి రోజులు, తగ్గితే కరువు దగ్గరపడినట్టు. ఇప్పటి పట్టికలకు అలవాటుపడిన కళ్లకు అవి తలకిందులుగా ఉంటాయి. అంకె పెరిగితే మనం భయపడతాం, తగ్గితే వాళ్లు భయపడేవారు. నాకైతే ఆ పాత పద్ధతే బతుకుకు దగ్గరగా ఉందనిపిస్తుంది. రూపాయిని మధ్యలో నిలబెట్టి, దాని చేత ఎంత పని చేయించగలమో నేరుగా అడిగే పద్ధతి అది.

రూపాయి అప్పట్లో తూకం రాయి కూడా. 1835 చట్టంతో ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడి అంతటికీ ఒకే రూపాయి తెచ్చింది. బరువు 180 గ్రెయిన్లు, అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. ఆ బరువే తులం. నాటువైద్యుడు మందులో శొంఠి ‘రూపాయెత్తు’ వేయమనడం అందుకే. మద్రాసు తూకాల్లో 120 తులాలు ఒక వీశె, 8 వీశెలు ఒక మణుగు. త్రాసులో ఒకవైపు 120 రూపాయలు పెడితే రెండోవైపు వీశె చింతపండు తూగాలన్నమాట. వందేళ్లు ఆ బరువు మారలేదు. అది కొనిపెట్టే సరుకు మాత్రం ఏటా మారుతూ వచ్చింది. చివరికి 1940లో నాణెంలో వెండిని సగానికి దించారు. 1947కల్లా వెండే లేని నికెల్ రూపాయి వచ్చింది. 1957 ఏప్రిల్ 1న అణాలూ కానులూ పోయి నయా పైసలొచ్చాయి. దమ్మిడీ ఇప్పుడు ‘దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు’ అన్న సామెతలో బతుకుతోంది. పావలా 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది. నాణెం చెల్లదని చెప్పడమంటే, దానితో కొనడానికి బజారులో ఏమీ మిగల్లేదని ప్రభుత్వం ఒప్పుకోవడమే.

గింజల్లో కూలి, రూపాయల్లో శిస్తు

విజయవాడ దగ్గర కృష్ణ మీద 1852లో మొదలై 1855లో పూర్తయిన ఆనకట్ట డెల్టాను వరిచేను చేసింది. ఆ కాలువ నీళ్లు ఎగువనున్న నూజివీడు ఎర్రనేలలకు ఎక్కలేదు. ఇక్కడ చెరువుల కింద కాస్త వరి, తక్కినదంతా మెట్ట పంటలు, వాటి తర్వాత మామిడి. ఊరి పేరు నువ్వుల చేను నుంచి వచ్చిందని చెప్పుకునే కథ కూడా మెట్ట కథే. ఇది మేకా వంశపు అప్పారావుల జమీందారీ. 1802 శాశ్వత శిస్తు ఏర్పాటు కాలం నుంచి కంపెనీకి పేష్కషు కట్టింది. తర్వాత అన్నదమ్ముల వాటాల్లో వుయ్యూరు, మీర్జాపురం, తేలప్రోలు లాంటి ఎస్టేట్లుగా విడిపోయింది.

శాశ్వత శిస్తు అంటే జమీందారు ప్రభుత్వానికి కట్టే రూపాయలు ఎప్పటికీ మారవని. కట్టేది రూపాయల్లో కాబట్టి, ధరలు పెరిగినకొద్దీ ఆ భారం ఏటికేడు తేలికైంది. వెయ్యి రూపాయల పేష్కషుకు 1802లో ఎన్ని పుట్ల ధాన్యం అమ్మాలో, వందేళ్ల తర్వాత అంతకన్నా చాలా తక్కువ అమ్మితే సరిపోయింది. రైతుకు మాత్రం ఆ శాశ్వతత్వం దక్కలేదు. 1908 మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టంలో, ఆహార ధాన్యాల ధరలు పెరిగాయని చూపి రైతు శిస్తు పెంచమని అడిగే హక్కు జమీందారుకు దఖలుపడింది. రూపాయి విలువ పడిపోతే ఆ నష్టం ఎవరు మోయాలన్నది బజారొక్కటే తేల్చదు, చట్టం కూడా తేలుస్తుందనడానికి ఇంతకన్నా తేటైన ఉదాహరణ నాకు దొరకలేదు.

కూలీ సంగతి వేరు. అతనికి రూపాయితో పనే తక్కువ. పాలేరు జీతం ఏడాదికి ఇంత ధాన్యమని మాట్లాడుకునేవారు. కోతకూలి కళ్లంలోనే కుంచాలతో కొలిచి పోసేవారు. కమ్మరికీ, వడ్రంగికీ, మంగలికీ, చాకలికీ కళ్లం దగ్గరే మేరలు అందేవి. అది దయాధర్మాల వ్యవస్థ కాదు. తరతరాల వెట్టి, కులం కట్టుబాటు అందులో ఉన్నాయి. కొలిచే కుంచం ఎవరి చేతిలో ఉందో వాళ్లదే మాట. అయినా ఒక్క విషయం ఒప్పుకోవాలి. కూలి గింజల్లో ఉన్నంతకాలం బజారు ధర ఎటు పోయినా కూలీ ఇంట్లో కుండకు వచ్చే గింజలు అవే. ఇప్పుడు ఉద్యోగులకు ఇచ్చే కరువు భత్యం చేసే పనిని ఆ రోజుల్లో కుంచం చేసేది.

ఆ కుంచం కూడా కాపాడలేని రోజులొచ్చాయి. పని ఉంటేనే గదా కూలి. 1832, 33 నాటి నందన నామ సంవత్సరపు కరువులో కృష్ణకు ఆవలి గట్టున గుంటూరు జిల్లా జనంలో మూడో వంతుకు పైగా చనిపోయారని ఆనాటి లెక్కలు. వానలు పోయాయి, పంట పోయింది, పంటతో పాటు కూలిపని పోయింది. కూలి లేనివాడికి పక్క జిల్లా గాదెల్లో ధాన్యం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అమర్త్య సేన్ 1981లో రాసిన ‘పావర్టీ అండ్ ఫ్యామిన్స్’ పుస్తకంలో 1943 బెంగాల్ కరువును తవ్వి చూపింది ఇదే. ఆకలి చావులకు తిండి కొరత ఒక్కటే కారణం కాదు, తిండిని తెచ్చుకునే శక్తి చచ్చిపోవడం పెద్ద కారణమని ఆయన నిరూపించాడు. కొనుగోలు శక్తి అన్న మాట వెనక ఇంత బరువుంది. దాన్ని దుకాణాల భాషగా, అమ్మకాల అంచనాగా మాత్రమే వాడటం నాకు నచ్చదు.

ధర పడిపోయిన కాలం

ధరలు పెరిగితే కొనుగోలు శక్తి తగ్గుతుందని అందరికీ తెలుసు. అలాగైతే ధరలు తగ్గితే అందరూ బాగుపడాలి. 1929 తర్వాత కృష్ణా, గోదావరి జిల్లాల్లో అది జరగలేదు.

అమెరికాలో షేర్ల బజారు కూలడంతో మొదలైన ఆర్థికమాంద్యం ఏడాది తిరిగేలోగా మన కళ్లాల్లోకి వచ్చింది. నాలుగేళ్లలో మద్రాసు రాజధానిలో ధాన్యం ధర సుమారు సగమైంది. పాత పట్టికల భాషలో చెప్పాలంటే రూపాయికి వచ్చే సేర్లు రెట్టింపయ్యాయి. నెల జీతం గుమాస్తాకు, పింఛనుదారుకు అది వరం. అదే రూపాయి ఇప్పుడు రెండు రూపాయల పని చేస్తోంది. రైతుకు మాత్రం ఆ రూపాయి అందుకోవడమే రెండింతలు కష్టమైంది. పన్ను రూపాయల్లో ఉంది, అప్పు రూపాయల్లో ఉంది, వడ్డీ రూపాయల్లో ఉంది. నిన్న పది బస్తాలు అమ్మి తీర్చగలిగిన బాకీ ఇవాళ ఇరవై బస్తాలకు గానీ తీరదు. ఆనకట్ట కింద భూముల శిస్తును రూపాయికి మూడణాల చొప్పున, అంటే పద్దెనిమిది ముప్పావు శాతం, పెంచాలన్న సర్కారు ప్రతిపాదన సరిగ్గా ఆ సమయంలోనే వచ్చింది. డెల్టా రైతాంగం భగ్గుమంది.

జమీందారీ ఊళ్లలో పరిస్థితి ఇంకా కఠినం. అక్కడ వినేవాడు కలెక్టరు కాదు, జమీందారు ఠాణేదారు. రైతు అమ్మగలిగిన చివరి వస్తువు బంగారం. 1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదిలేశాక బంగారం ధర ఎక్కింది. అప్పులవాళ్ల ఒత్తిడికి దేశమంతటా పల్లెల్లోని ఆడవాళ్ల మెడల్లోంచి దిగిన నగలు కరిగి ఓడలెక్కాయి. ఆ నేపథ్యంలోనే ఆచార్య ఎన్.జి. రంగా రైతు సంఘాలు బలపడ్డాయి. 1937, 38 సంవత్సరాల్లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతురక్షణ యాత్ర నడిచింది. టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన జమీందారీ విచారణ సంఘం ఊరూరి రైతుల గోడు నమోదు చేసింది. 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చేదాకా ఆ గోడు ఆగలేదు.

ఆ రోజుల్లో వచ్చిన ఒక చట్టం గురించి మనవాళ్లు తక్కువ మాట్లాడతారు. రాజాజీ మంత్రివర్గం 1938లో తెచ్చిన మద్రాసు వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం అది. 1932 అక్టోబర్ 1కి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబర్ 1 నాటికి పేరుకుపోయిన వడ్డీని అది రద్దు చేసింది. షావుకార్లు గగ్గోలు పెట్టారు. కానీ ఆలోచిస్తే ఆ చట్టం ఒక నిజాన్ని గుర్తించింది. షావుకారు ఇచ్చింది చవక రూపాయి, తిరిగి అడుగుతున్నది ప్రియమైన రూపాయి. కాగితం మీద అంకె ఒకటే అయినా, రైతు ఇల్లు దాటి వెళ్లే ధాన్యం రెట్టింపు. ఆ తేడా ఎవరో ఒకరు భరించాలి. రైతే భరించాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. అమెరికా ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ 1928లో ‘ద మనీ ఇల్యూజన్’ అని పుస్తకమే రాశాడు. డబ్బు మీది అంకెను చూసి దాని విలువ స్థిరంగా ఉందనుకోవడం మనుషులకున్న భ్రమ అని ఆయన వాదన. మన రైతులు ఆ పుస్తకం చదవలేదు. కళ్లంలోనే ఆ పాఠం నేర్చుకున్నారు.

మాంద్యం తర్వాత యుద్ధం, యుద్ధంతో ధరల మంట, రేషను. స్వాతంత్య్రం వచ్చాక కూడా కంట్రోళ్లు సాగాయి. 1952 జూన్‌లో మద్రాసు ముఖ్యమంత్రిగా రాజాజీ బియ్యం కంట్రోళ్లు ఎత్తేశాడు. నూజివీడు అప్పటికింకా ఆ రాష్ట్రంలోనే ఉంది. ఈలోగా కూలి మెల్లమెల్లగా గింజల్లోంచి రూపాయల్లోకి మారుతోంది. దేశమంతటా జరిపిన వ్యవసాయ కూలీల విచారణల్లో 1950-51లో మగ కూలీ సగటు రోజుకూలి 109 పైసలు. 1956-57లో చూస్తే 96 పైసలు. కుంచం వదిలి రూపాయిని నమ్ముకున్న మొదటి తరానికి ఎదురైన అనుభవం ఇది.

ఆవకాయ జాడీ లెక్క

ధరలు ఎంత పెరిగాయో కొలవడానికి ప్రభుత్వం వాడే పద్ధతిని 1871లో లాస్పేర్ అనే జర్మన్ పండితుడు ప్రతిపాదించాడు. కృష్ణా జిల్లా ఇల్లాలికి దాన్ని విడిగా నేర్పనక్కర్లేదు. ఆవకాయ పెట్టే ప్రతి ఇంట్లో ఏటా ఆ లెక్క జరుగుతుంది. ముక్కలు ఇన్ని మానికలు, ఆవపిండి ఇంత, కారం ఇంత, ఉప్పు ఇంత, పప్పునూనె ఇంత. కొలతలు అత్తగారి కాలం నుంచి మారవు. మారేది ఖర్చు ఒక్కటే. నిరుడు జాడీకి అయిన ఖర్చును వందగా తీసుకుని, ఈ ఏడు ఎంతయిందో చూస్తే అదే వినియోగదారుల ధరల సూచీ. ప్రభుత్వం జాడీలో బియ్యం, పప్పు, ఇంటద్దె, బస్సు టికెట్, మందులు, బడి ఫీజు కూడా ఉంటాయి, అంతే తేడా.

సూచీకి ఉన్న లోపం కూడా జాడీలో కనబడుతుంది. పప్పునూనె మండిపోయిన ఏడు కొన్ని ఇళ్లలో వేరుశనగ నూనె పోస్తారు. ఖర్చు తగ్గుతుంది. ఆవకాయ అదే రుచి ఇవ్వదు. సూచీ మాత్రం పాత కొలతల్లో పప్పునూనె ధరనే లెక్కగడుతుంది, జాడీలో నూనె మారిన సంగతి దానికి తెలియదు. కొనుగోలు శక్తి పడిపోయిన ఇంట్లో మొదట మాయమయ్యేది సరుకు కాదు, సరుకులోని నాణ్యం. తర్వాత పాలు తగ్గుతాయి. పండు పూర్తిగా పోతుంది. మామిడి తోటల్లో కాయ కోసే కూలీల పిల్లలు ఏరుకున్న రాలుకాయలే తప్ప కొన్న రసాలు తినని ఏళ్లున్నాయి.

ఎంగెల్ అనే గణాంకవేత్త 1857లోనే గమనించాడు: ఇల్లు ఎంత పేదదైతే సంపాదనలో తిండికి పోయే వాటా అంత ఎక్కువ. మన జాతీయ నమూనా సర్వేల్లో పల్లెల తిండి వాటా 1999-2000లో నూటికి 59 దాకా ఉండగా, 2011-12కి 53కి, 2023-24కి 47కి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో 2023-24లో తలసరి నెల ఖర్చు 5,327 రూపాయలని తాజా సర్వే. ఇది మంచి మార్పే, కాదనను. తిండికి పోగా నూటికి మిగిలిన యాభై మూడు రూపాయల్లో ఆసుపత్రికెంత, కార్పొరేట్ కాలేజీకెంత అన్నది కూడా అడిగితే తప్ప సంతోషం పూర్తికాదు.

మీర్జాపురం నుంచి రెండు రూపాయల బియ్యం దాకా

నూజివీడు జమీందారీ వాటాల్లో ఒకటైన మీర్జాపురానికి రాజా మేకా వెంకట్రామయ్య అప్పారావు. ఆగిరిపల్లి కొండ మీది శోభనాచలపతి పేరుతో మద్రాసులో శోభనాచల స్టూడియో నడిపిన సినిమా మనిషి ఆయన. ఆయన భార్య, నటి సి. కృష్ణవేణి 1949లో ‘మనదేశం’ సినిమా తీశారు. ఎల్.వి. ప్రసాద్ దర్శకుడు. అందులో పోలీసు ఇన్‌స్పెక్టర్‌గా చిన్న వేషంతో తెరకెక్కిన కుర్రవాడిది కృష్ణా జిల్లాలోని నిమ్మకూరు. ముప్పై మూడేళ్ల తర్వాత ఆ నందమూరి తారక రామారావు పార్టీ పెట్టి, తెలుగునాట కొనుగోలు శక్తి చరిత్రలో అతి పెద్ద ప్రయోగం చేశాడు.

1982 మార్చి 29న తెలుగుదేశం పుట్టింది. కిలో బియ్యం రెండు రూపాయలకని ఆయన ఊరూరా చెప్పాడు. ఎన్నికల ముందు కాంగ్రెస్ ప్రభుత్వం కూడా రూపాయి తొంభై పైసలకే ఇస్తానని ముందుకొచ్చింది. జనం రామారావునే నమ్మారు. 1983 జనవరి 9న ఆయన ముఖ్యమంత్రి అయ్యాడు. ఆ ఏడే పథకం మొదలైంది, కార్డున్న పేద కుటుంబానికి నెలకు గరిష్ఠంగా 25 కిలోలు. ఖజానా ఏమైపోవాలని పెద్ద పెద్ద ఆర్థిక నిపుణులు ప్రశ్నించారు. ఆ ప్రశ్నలో తప్పులేదు. వాళ్లు చూడనిది ఒకటుంది. ప్రభుత్వం ఆ రోజు కూలీ చేతికి రూపాయి ఇవ్వలేదు, కూలీ చేతిలో అప్పటికే ఉన్న రూపాయికి సత్తా పెంచింది. పాత కుంచం చేసిన పనిని చౌకధరల దుకాణం చేపట్టింది. బజారులో ధర ఎటు పోయినా ఆ పాతిక కిలోల దాకా రూపాయికి అరకిలో అన్న మాట మారదు.

ఆ మాట ఎంతకాలం నిలిచిందో చూస్తే రాష్ట్ర రాజకీయమంతా కళ్లకు కడుతుంది. మధ్యలో ధర పెరిగింది. 1994 డిసెంబరులో రామారావు తిరిగి వచ్చి మళ్లీ రెండు చేశాడు. 1996లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం మూడున్నర చేసింది, తర్వాత అది ఐదుంపావలా దాకా వెళ్లింది. 2008 ఏప్రిల్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి మళ్లీ రెండుకు దించాడు. 2011 నవంబరులో కిరణ్‌కుమార్ రెడ్డి రూపాయికి తెచ్చాడు. 2023 నుంచి ఆహార భద్రత చట్టం కింద ఉచితం. ఇక్కడ ఫిషర్ చెప్పిన భ్రమ మళ్లీ గుర్తుకు రావాలి. 1983కూ 2008కీ మధ్య పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ ఆరు రెట్ల దగ్గరికి పెరిగింది. 2008 నాటి రెండు రూపాయలంటే 1983 లెక్కలో ముప్పై అయిదు పైసలకు అటూ ఇటూ. రెండూ ‘రెండు రూపాయల బియ్యమే’, కానీ రెండోది మొదటిదానికన్నా పెద్ద రాయితీ. పేరు ఒకటే కావడంతో ఆ తేడా ఎవరి ప్రసంగంలోనూ వినిపించలేదు.

బియ్యం మీద మిగిలిన డబ్బు ఎవరి చేతికి పోయిందన్నది ఇంకో కథ. రెండు రూపాయల బియ్యం మొదలైన దశాబ్దంలోనే ప్రభుత్వం వారుణి వాహిని పేరుతో సారా ప్యాకెట్లను ఊరూరికీ చేర్చింది. మగవాడి జేబులో మిగిలిన రూపాయి చీకటిపడగానే సారా కొట్టుకు పోయింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తిరగబడ్డారు. 1993 అక్టోబర్ 1 నుంచి సారాను నిషేధించారు. ఇంటికి ఎంత వస్తోందని సర్వేలు అడుగుతాయి. ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుందని దూబగుంట అడిగింది. ఆ ప్రశ్న లేని కొనుగోలు శక్తి లెక్క సగం లెక్కే.

కాపు, పూత, వడ్డీ

ఇప్పుడు తోటలోకి వద్దాం. మామిడి రైతుకు రూపాయి కనిపించేది ఏడాదికి రెండు, రెండున్నర నెలలు. డిసెంబరు, జనవరిలో పూత, ఏప్రిల్ నుంచి జూన్ దాకా కోత. తేనెమంచు పురుగుకు మందు కొట్టడానికీ, పిల్లల ఫీజుకీ డబ్బు కావలసిన సమయానికి చెట్టు మీద పూతే ఉంటుంది. అందుకే చాలామంది పూత మీదో, పిందె మీదో తోటను వ్యాపారికి ఒప్పజెబుతారు. ముందుగా చేతిలో పడే అడ్వాన్సు ఇవాళ్టి అవసరం తీరుస్తుంది. మే నెల ధరకు వచ్చే లాభాన్ని వ్యాపారికి వదిలేయాలి. పైగా మామిడి ఏడాది విరగకాసి మరుసటి ఏడాది అలిగే చెట్టు. కాపు లేని ఏడు అమ్మడానికి లేదు, కాసిన ఏడు ధర ఉండదు. కొనుగోలు శక్తికి రుతువులుంటాయని ఏ పట్టికా చెప్పదు. నూజివీడులో ఏ కిరాణా కొట్టును అడిగినా ఖాతా పుస్తకం తెరిచి చూపిస్తుంది.

ఆ ఖాళీని నింపేది అప్పు. మన పల్లెల్లో వడ్డీని శాతాల్లో చెప్పరు, నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెబుతారు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి ఇరవై నాలుగు. 2004 తర్వాత మహిళా సంఘాలకు వచ్చిన పావలా వడ్డీ అంటే ఏడాదికి మూడు. జనం వాడే కొలతలో పెట్టిన పేరు కాబట్టే అది ఒక్కరోజులో అందరికీ అర్థమైంది. అదే కాలంలో సూక్ష్మరుణ సంస్థలు వారం వారం కిస్తులతో ఊళ్లలోకి వచ్చాయి. 2006 మార్చిలో కృష్ణా జిల్లా యంత్రాంగం వాటి శాఖలను యాభై దాకా మూయించింది. 2010 అక్టోబరులో రాష్ట్రమంతటికీ ఆర్డినెన్సే వచ్చింది. అప్పు రేపటి కొనుగోలు శక్తిని ఇవాళే వాడుకోనిస్తుంది. రేపటి కూలి వారానికొక కిస్తుగా ముందే అమ్ముడైపోతే, మిగిలేది ఖాళీ కుండ.

ఉపాధి హామీ కూలి 2006లో మన రాష్ట్రంలో 80 రూపాయలు, 2025-26లో 307. దాదాపు నాలుగు రెట్లు. ఈ పందొమ్మిదేళ్లలో ధరలు కూడా మూడున్నర రెట్ల దగ్గరికి వచ్చాయి. పెరిగినట్టు కనిపించే 227 రూపాయల్లో నిజంగా పెరిగింది నాటి లెక్కలో ఓ పది రూపాయలు. ఇరవై ఏళ్ల చెమటకు పది రూపాయలు చాలా తక్కువ అని నా అభిప్రాయం.

రైతు లెక్క ఇంకా కఠినం. 2025 వేసవిలో చిత్తూరు జిల్లాలో తోతాపురి, మన వాడుకలో కలెక్టర్ కాయ, కొనేవాడు లేక రోడ్ల మీద పారబోసే పరిస్థితి వచ్చింది. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 ఇప్పిస్తామని రాష్ట్రం చెప్పింది. తర్వాత కేంద్రం క్వింటాలుకు 1,490 రూపాయల 73 పైసల ధరతో 1.62 లక్షల టన్నుల మేరకు, రాష్ట్రంతో చెరిసగం భరించేలా ఆదుకునే పథకానికి ఒప్పుకుంది. ఆదుకున్నందుకు సంతోషమే. ఆ 12 రూపాయల సత్తా ఎంతో చూద్దాం. 1983 నుంచి 2025 దాకా పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ పదిహేడు రెట్లకు పైగా పెరిగింది. ఈ 12 రూపాయలు నాటి 70 పైసల దగ్గర ఆగుతాయి. మరోలా చెప్పాలంటే, రామారావు రెండు రూపాయలకిచ్చిన కిలో బియ్యం విలువ 2025 రూపాయల్లో 35. దానికి సరిపడా డబ్బు చేతికి రావాలంటే రైతు మూడు కిలోల కాయ అమ్మాలి. అదీ ప్రభుత్వం చెయ్యి వేశాక వచ్చిన ధరకు.

రోడ్డు పక్క పందిరి దగ్గర వందకు ఎన్ని కాయలని అడిగే మనం ఆ కొట్లో కొనేవాళ్లం. తోట రైతు అదే రోజు సాయంత్రం బియ్యం కొట్లో, మందుల షాపులో కొనేవాడు. కాయ చవకైతే మన వందకు సత్తా పెరుగుతుంది, అతని వంద చేతికే రాదు. మామిడి నేల మీద ఈ రెండూ ఒకే బేరంలో తేలుతాయి. కాబట్టి మార్కెటింగ్ శాఖకు ఒక విన్నపం. నున్న మామిడి మార్కెట్లోనూ, ఆగిరిపల్లి, నూజివీడు దారుల్లో కాయ చేతులు మారే ప్రతి చోటా ఆ రోజు ధర రాసే దగ్గర దాని కింద ఇంకొక్క గీత రాయించండి: ‘ఇవాళ టన్ను కాయకు ఇన్ని కిలోల బియ్యం.’ నిరుడు ఇదే తేదీ అంకెను పక్కనే వేయించండి. ఖర్చు ఒక సుద్దముక్క. వచ్చే కోతలు ఏప్రిల్‌లో మొదలవుతాయి.